రత్నావతి నోట రాని కోడ్ వర్డ్

"కోడ్ వర్డ్ అంటే పొరపాటున నోరు జారే మాట కాకూడదు," అన్నాడు సూపరింటెండెంట్ ఫ్రాన్సిస్. "నువ్వు ఎప్పుడూ అనని మాట కావాల. అలాటిది ఏటున్నాది నీకాడ?"

ఏజెంట్ ఆర్-నైన్ ఆలోచనలో పడింది. అసలు పేరు రత్నావతి. మలయాలో బటాంగ్ బెర్జుంటై రబ్బరు ఎస్టేటు గుమాస్తా కూతురు, ఇపో స్పెషల్ బ్రాంచిలో ఇన్‌స్పెక్టరు. డ్యూటీలో చేపలమ్మింది, నర్సు వేషం కట్టింది, ఒకసారి నాటకాల కంపెనీలో చేరి శూర్పణఖ కూడా అయింది. ఆవిడ అనని మాటంటూ లోకంలో పెద్దగా మిగల్లేదు.

"నాకు తెలుసు లాహ్," అని మలయా వాళ్ల మాటతోక తగిలించి ఫ్రాన్సిస్ నవ్వాడు. "నీ పెనిమిటి పేరు."

రత్నావతి తల దించుకుంది. పెళ్లయి ఆరేళ్లయినా మొగుణ్ణి ఒక్కసారీ పేరు పెట్టి పిలవలేదు. ఐడెంటిటీ కార్డులో అడ్రస్ మార్పించుకోడానికి వెళ్లినప్పుడు గుమాస్తా "భర్త పేరు?" అంటే తోడొచ్చిన పక్కింటావిడ చేత చెప్పించింది. చేతిలోకి రివాల్వరు వచ్చింది గాని నోట్లోకి ఆ పేరు మాత్రం రాలేదు.

"ఇప్పుడు బ్రీఫింగ్ ఇనుకో," అన్నాడు ఫ్రాన్సిస్. "మెర్దేకా రాత్రి, అంటే మనకి స్వాతంత్ర్యం వచ్చే రాత్రే, కౌలాలంపూర్‌లో వేదిక పేల్చెయ్యాలని ఒక విదేశీ ముఠా సూస్తన్నాది. లీడరు పేరు గ్రే. పేరే గాని ఆడి మొగం ఎవుడూ సూడలేదు. ఆడికి వేదిక ప్లాన్ కావాల. ఆ ప్లాన్‌ని ఫోటో తీసినోడు మన పోలీసు ఫోటోగ్రాఫరు. అంటే మీ ఆయనే."

"ఆయన్ని బెదిరించినారా?"

"బెదిరించలేదు. వల ఏసినారు." ఫ్రాన్సిస్ బల్లమీదికి ఒక ఫోటో తోశాడు. "వల పేరు మాగ్డలీన్. బంటింగ్ ఎస్టేటు పిల్ల, సింగపూర్‌లో సదువుకున్నాది. డబుల్ ఏజెంట్. మనకాడా జీతం, ఆళ్లకాడా జీతం. మనిసి మాత్రం మనదేనని ఆఫీసు నమ్మకం."

రత్నావతి ఆ ఫోటోని అవసరమైన దానికన్నా ఎక్కువసేపే చూసింది. పొట్టి జుట్టు, పెదాలకి రంగు, చేతుల్లేని జాకెట్టు.

"మీ నమ్మకం ఏటి, సార్?"

"నాకు నమ్మకాలు లేవు లాహ్. అందుకే నిన్ను పంపుతున్నాను."

ప్లాన్ సింపుల్. ఆదివారం మాగ్డలీన్ రత్నావతి మొగుణ్ణి సెంట్ క్లెమెంట్ కొండకి తీసుకెళ్తుంది. ఇద్దరూ పగలంతా ప్రేమికుల్లా ఊరు చుట్టబెడతారు. అతని దగ్గర ఉన్నది నకిలీ ఫిల్ము, ఆ సంగతి అతనికి తెలుసు గాని మాగ్డలీన్‌కి చెప్పలేదు. దాన్ని అందుకోవడానికి గ్రే ఎక్కడో ఒకచోట బైటపడాలి. రత్నావతి సన్యాసిని వేషంలో వెనకాల నడవాలి. అతని కెమెరా కేసులో ట్రాన్స్‌మిటర్, ఆవిడ తలముసుగులో రిసీవర్, మెళ్లో జపమాల సిలువలో మైకు.

"ఫిల్ము గ్రే సేతికి సేరినాకే కోడ్ సెప్పాల. మనవాళ్లు చర్చి ఎనకాల ఉంటారు. ముందే సెప్పేసినావంటే ఆడు జారిపోతాడు. ఆలస్యం సేసినావంటే..." ఫ్రాన్సిస్ ఆ మాట పూర్తి చెయ్యలేదు. పని అయ్యాక సాక్షిని బతకనిచ్చే అలవాటు గ్రేకి లేదని డిపార్ట్‌మెంట్ అంతటికీ తెలుసు.

"ప్రేమికుల్లా అంటే?" అంది రత్నావతి.

"అంటే ఏటి?"

"ఎంతవరకూ?"

ఫ్రాన్సిస్ కిటికీ వైపు చూశాడు. "డ్యూటీకి కావలసినంత."

* * *

సుంగై సిపుట్ దాటి అడవిదారిలో పైకి పోతే సెంట్ క్లెమెంట్ వస్తుంది. తాతల కాలంలో ఫ్రెంచి ఫాదర్లూ తోటల దొరలూ కలిసి, తమ దేశపు కొండ ఊళ్లమీద బెంగతో, అచ్చం అలాంటిదే ఒకటి రాతితో కట్టుకున్నారు. కోటగుమ్మం దగ్గర జీపులు ఆగిపోవాలి. అక్కణ్ణించి పైన చర్చిదాకా కాలినడకే.

గుమ్మం దగ్గర పోలీసు పోస్టు. ఎమర్జెన్సీ రోజులు. ఎవరు తిండి తీసుకెళ్లినా అడవిలో దాక్కున్న కమ్యూనిస్టు గెరిల్లాలకి చేరుతుందని భయం. కానిస్టేబుల్ సిస్టర్‌గారి నిమ్మకాయ పులిహోర డబ్బా దించేసుకుని, "సారీ సిస్టర్, ఆర్డర్," అన్నాడు. రత్నావతి దిష్టి తగిలేలా ఆ డబ్బా వంక చూసి లోపలికి నడిచింది.

నాచు పట్టిన రాతిమెట్లు, నీలం రంగు తలుపులు, గోడలమీంచి వేలాడే కాగితంపూలు. ఊరు అందంగానే ఉంది. కాని ఆ సందులు ఇద్దరు పక్కపక్కన నడిస్తే భుజాలు రాసుకునేంత ఇరుకు. వాటిని కట్టిన మహానుభావుడెవరో గాని రత్నావతి అతన్ని మనసారా తిట్టుకుంది.

ముందు వాళ్లిద్దరూ. మాగ్డలీన్ చేయి అతని మోచేతిలో ఉంది. చెవిలో రిసీవరు ప్రతి మాటా మోసుకొస్తోంది.

కోటగుమ్మం దగ్గర ఆ పిల్ల "మిస్టర్ రామదాస్" అంది. రాతి నుయ్యి దగ్గరికొచ్చేసరికి "రామదాస్" అయింది. పాత దొరల సమాధులు చూసి వస్తుంటే, "దాస్, మెల్లగా నడు లాహ్, నా మడమలు చూడు," అని గునిసింది.

దాస్! రత్నావతికి ఒళ్లు మండిపోయింది. ఆరేళ్లు కాపరం చేసిన తను "ఏవండీ", "ఇదిగో" అంటూ నెట్టుకొస్తుంటే, నిన్నగాక మొన్న వచ్చిన ఈ సింగపూర్ సరుకు ఆ పేరు విరుచుకు తింటోంది. పైగా ఆయనగారు పలుకుతున్నారు కూడా. ఇంట్లో మూడుసార్లు పిలిస్తే గాని పేపరు దించని మనిషి, ఇక్కడ ఒక్క పిలుపుకే గిరుక్కున తిరుగుతున్నాడు.

ఇంక ఫోటోల గొడవ. నుయ్యి దగ్గర ఒకటి, నీలం తలుపు దగ్గర ఒకటి, మెట్టెక్కితే ఒకటి, మెట్టు దిగితే ఒకటి. "దాస్, నన్ను తియ్యి. ఆ గోడ ఎందుకు, నన్ను తియ్యి." లెన్సు గోరంత పక్కకి తిరిగినా ఆ పిల్ల ఒప్పుకోదు. పెళ్లయ్యాక తనకి ఆయన తీసిన ఫోటో ఒకే ఒక్కటి. అది కూడా పోలీసు పాస్ కోసం.

చర్చి కింద చదునులో గడ్డిటోపీ పెట్టుకున్న ఒక తెల్లదొర గంటగోపురం బొమ్మ వేసుకుంటున్నాడు. సిస్టర్‌ని చూసి టోపీ తీసి దణ్ణం పెట్టాడు. రత్నావతి సిలువ గుర్తు వెయ్యబోయి తడబడి, చెయ్యెత్తి ఊరికే దీవించేసింది.

మధ్యాహ్నం కాఫీ దుకాణం ముందు అసలు పరీక్ష ఎదురైంది. మాగ్డలీన్ క్రీము కేకు ముక్క చెంచాతో తీసి, "నోరు తెరు, దాస్," అంది.

తెరిచాడు.

రత్నావతి పొద్దుటినించీ ఏమీ తినలేదు. కడుపు మంట ఏదో, గుండె మంట ఏదో తెలియలేదు. చెయ్యి దానంతటదే సిలువమీదికి పోయింది. ఒక్క మాట చాలు, మనవాళ్లు వచ్చి పడతారు, ఆ చెంచా కిందపడుతుంది. సిలువ వెనకున్న మైకు మీట నొక్కింది.

"రా..."

చెవిలో ఫ్రాన్సిస్ ఊపిరి ఆగింది. "రా ఏటి? ఫిల్ము సేరినాదా?"

"రాతిమెట్లు జారుతున్నాయి, సార్."

"ఇనుకో రత్నమ్మా. ఇప్పుడు నువ్వు తొందరపడితే గ్రే పోతాడు. రేపు ఇంకో దారి సూసుకుంటాడు. అప్పుడు ముందు పోయేది మీ ఆయనే."

రత్నావతి మీట వదిలేసింది. కేకు మొత్తం అయిపోయేదాకా కళ్లు ఆర్పకుండా చూసింది.

* * *

బిల్లు కట్టేటప్పుడు రామదాసు ఫిల్ము చుట్టని మాగ్డలీన్ చేతిలో పెట్టాడు. ఇద్దరూ చదునుమీదికి ఎక్కారు. రత్నావతి మెట్లమీదే ఆగి, జపం చేస్తున్నట్టు పూసలు తిప్పుతూ నిలబడింది.

మాగ్డలీన్ బొమ్మ చూసే వంకతో దొర దగ్గరికి వెళ్లి, ఒక కొత్త కెమెరా పట్టుకుని తిరిగొచ్చింది. "నీకు గిఫ్ట్, దాస్. జర్మన్ మాల్. ఆ పాతది నాకియ్యి." కేసు అతని భుజంమీంచి తనే తీసి తగిలించుకుంది. ట్రాన్స్‌మిటర్ ఇప్పుడు ఆ పిల్ల దగ్గర ఉంది.

"గంటగోపురం తియ్యి, దాస్. మొదటి ఫోటో అదే."

"నువ్వు నిలబడవా?"

"నేనెందుకు లాహ్. మొగం వాడిపోయింది."

రత్నావతి చేతిలో పూసలు ఆగిపోయాయి. పొద్దుటినించీ గోడకి కూడా ఫోటోలో చోటివ్వని మనిషి, ఇప్పుడు ఫోటో వద్దంటోంది. వద్దనడమే కాదు, వెనక్కి నడుస్తోంది. దొర కూడా రంగులు ఆరకుండానే లేచి రాతిగోడ వెనక్కి పోతున్నాడు. ఆ కెమెరాకి దూరంగా పోవాలని ఇద్దరికీ ఒకటే తొందర.

చెవిలో మగగొంతు వినిపించింది. "ఫిల్ము?"

"ఇదిగో, గ్రే. ఒంగో. నొక్కబోతున్నాడు."

రామదాసు కెమెరా కంటికి ఎత్తాడు. వేలు మీటమీదికి వెళ్లింది. మైకులో చెబితే మనవాళ్లు వస్తారు గాని ఆ వేలు ఆగదు. సిస్టర్ అని అరిస్తే పట్టించుకోడు. ఏవండీ అంటే ఏ జన్మలోనూ ఒక్క పిలుపుకి తిరగలేదు.

"రామదాసూ!"

కొండంతా మోగింది.

రామదాసు వేలు గాల్లో ఆగిపోయింది. ఈ గొంతులో ఈ పేరు అతను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. కెమెరా దించి, నోరు తెరుచుకుని వెనక్కి తిరిగాడు.

"దాన్ని కింద పెట్టండి! నొక్కకండి!"

చర్చి వెనకనించి యాత్రికుల వేషంలో ఉన్న పోలీసులు ఉరికారు. గ్రే ఫిల్ముతో సహా గోడ దూకబోయి వాళ్ల చేతుల్లోనే దిగాడు. మాగ్డలీన్ మెట్లవైపు పరిగెత్తింది. సన్యాసిని పావడా మోకాళ్లదాకా ఎగ్గట్టి, జపమాల కాళ్లకి విసిరి, ఆ పిల్లని కాగితంపూల పొదలో పడేసింది. డ్యూటీకి కావలసినదానికన్నా కొంచెం గట్టిగానే పడేసిందని తర్వాత రిపోర్టులో ఫ్రాన్సిస్ రాయలేదు.

పోలీసులతో వచ్చిన ఆర్మీ బాంబుల నిపుణుడు ఆ కెమెరా విప్పి చూపించాడు. లోపల ఫిల్ము ఉండాల్సిన చోట మందుపాకెట్టు, మీటకి కట్టిన తీగ. రామదాసు అక్కడే మెట్టుమీద కూలబడ్డాడు. రత్నావతి పక్కన కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది.

* * *

కర్ఫ్యూ పడకముందే జీపు కొండ దిగింది. పులిహోర డబ్బా కానిస్టేబుల్ తిరిగిచ్చాడు, ఖాళీది. ముందు సీట్లో ఫ్రాన్సిస్ నిద్ర నటిస్తున్నాడు.

"రత్నా," అన్నాడు రామదాసు మెల్లగా. "పేనం పోయినా పర్వాలేదు అనిపించినాది తెలుసా. ఇంకొక్కపాలి పిలవ్వా?"

రత్నావతి తలముసుగు తీసి ఒళ్లో పెట్టుకుంది. మొహం అటు తిప్పుకుంది గాని చెయ్యి మాత్రం వదల్లేదు.

"కోడ్ వర్డ్ ఒక్కసారే వాడాలని రూలండి. ముందు ఆ కేకు సంగతి సెప్పండి."