గోడవార నిలిపిన బస్సు

సమ్మె మొదలైన మర్నాడు ఆ డిపోలో కాకులు తప్ప ఎవరూ డ్యూటీకి రాలేదు. బస్సులన్నీ వరసగా నిలబడి ఎండలో కునుకు తీస్తున్నాయి. అధికారి ఒక్కడే షెడ్డు నీడలో కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్ళకి వచ్చినట్టు తాళాలు ఇచ్చేస్తున్నాడు. లైసెన్సు ఉన్నవాడు డ్రైవరు, గొంతు ఉన్నవాడు కండక్టరు. అంతకుమించి ఎవర్నీ ఏమీ అడగడం లేదు.

లారీ డ్రైవరు వచ్చింది తన కోసం కాదు, బావమరిది కోసం. భార్యకి వాడొక్కడే తమ్ముడు. తల్లి పోతే ఆమే చంకనేసుకుని పెంచింది, ముద్దుగా పిట్ట అని పిలిచేది. ముప్పై దాటినా ఆ పేరు పోలేదు, ఆ బక్క ఒళ్ళూ మారలేదు. ఏ పనిలోనూ కుదురుగా నిలిచిన పాపాన పోలేదు. సమ్మె రోజుల్లో పనిచేసినవాళ్ళని తర్వాత ఖాయం చేస్తారని ఎవరో చెవిన వెయ్యగానే, ఉద్యోగం వచ్చేసినట్టే ఎగిరి గంతేశాడు.

"వాణ్ణి నీ చేతుల్లో పెడుతున్నా," అంది భార్య పొద్దున్నే గుమ్మంలో నిలబడి. "బస్సుల మీద రాళ్ళేస్తున్నారంట. వాడికేమన్నా అయితే నువ్వు ఇంటికి రాకు."

"మరి నాకేమన్నా అయితే?"

"నీకేమవుతుంది, దున్నపోతులా ఉన్నావు. రాయే పగులుతుంది."

ముగ్గురూ నవ్వుకున్నారు. అలా నవ్వుతూనే ఇల్లు కదిలారు.

వీళ్ళు చేరేసరికి మంచి బళ్ళన్నీ ఎవరో ఒకరు పట్టుకుపోయారు. మిగిలినవాటిలో గోడవార ఒంటరిగా ఉన్న బస్సు ఒకటి డ్రైవరు కంటపడింది. టైర్లు కొత్తవి. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. హ్యాండ్ బ్రేకు మాత్రం సరిగ్గా పట్టడం లేదు. లారీల మీద బతికినవాడికి అదొక లెక్కా. ఇంత మంచి బండిని దుమ్ము కొట్టుకుపోయేలా ఎందుకు వదిలేశారో అతనికి అర్థం కాలేదు.

పిట్టకి నచ్చనిది ఒక్కటే. డ్రైవరు తల మీద ఉండే గంటకి ఎవరో గుడ్డ చుట్టి, దాని మీద నల్ల టేపు పొరలు పొరలుగా బిగించారు. వెనక తలుపు దాకా ఉండాల్సిన తాడు లేనే లేదు.

"ఎవడో పిసినారి తాడు కూడా ఇంటికి మోసుకుపోయాడు బావా," అన్నాడు పిట్ట. "గంట లేని కండక్టర్ని ఎవడు లెక్కచేస్తాడు?"

సీటు మీదెక్కి గోళ్ళతో టేపు పీకాడు, గుడ్డ విప్పాడు. పనిముట్ల పెట్టెలో దొరికిన నైలాను తాడు ఆ చివర నించి ఈ చివరకి కట్టి ఒకసారి లాగి చూశాడు. టింగ్. లోపలంతా శుభ్రంగా మోగింది. పెళ్ళికొడుకులా మురిసిపోయాడు.

గేటు దగ్గర సమ్మెవాళ్ళు అడ్డం నిలబడ్డారు. ముందు ఒక ఆడమనిషి, ఖాకీ చొక్కాలో ఉంది, కండక్టరు కాబోలు. ఇద్దర్నీ నానా మాటలూ అంటుందని డ్రైవరు చెవులు మూసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆమె తిట్టలేదు.

"ఆ బండి వద్దు," అంది. "వేరే ఏదైనా తీసుకెళ్ళండి. మేం ఆపం."

డ్రైవరుకి నవ్వొచ్చింది. ఇది వదిలేస్తే అదీ వద్దంటారు, అది వదిలేస్తే ఇంకోటి. ఇలాంటి ఎత్తులు అతను చాలా చూశాడు. ఇంజను రెచ్చగొట్టాడు. ఆమె కదల్లేదు. అద్దంలోంచి లోపలికి చూస్తోంది. అతని మొహం వంక కాదు, అతని తల మీదకి.

"గంట ఎవరు విప్పారు?" అంది.

పిట్ట వెనక నించి గర్వంగా చెయ్యెత్తాడు. ఆమె మొహంలో నెత్తురు లేదు. తనంతట తానే బస్సు ముందు నించి పక్కకి తప్పుకుంది. తానే గెలిచాననుకున్నాడు డ్రైవరు.

బస్సులు లేకపోయేసరికి ఊళ్ళో ఉన్న బళ్ళన్నీ రోడ్డు మీదకొచ్చి పడ్డాయి. చీమ దూరే సందు లేదు. ఒక్కో స్టాపు దగ్గర ఇసక వేస్తే రాలనంత జనం, బస్సు ఆగకముందే కిటికీల్లోంచి దూరుతున్నారు. ఒక కూడలిలో ఎక్కడినించో రాళ్ళు వచ్చాయి. వెనక చూసే అద్దాలు రెండూ పగిలి వేలాడాయి. ముందు సీట్లో కూర్చున్నామె నుదురు చీలి, నెత్తురు ఒళ్ళోకి కారింది. ఆమె దిగనంది. దిగితే ఇంకో బస్సు దొరకదని ఆమె భయం. అలాగే కొంగు అదిమి పట్టుకుని కూర్చుంది.

ఆ తర్వాత డ్రైవరుకి వెనకా పక్కా ఏమీ కనబడలేదు. గంటే అతని కళ్ళయింది. ఒకసారి మోగితే ఆపాలి, రెండుసార్లు మోగితే కదలాలి. సాయంత్రానికి సంగతి ఎలా తయారైందంటే, బుర్ర వినకముందే కాలు వినేస్తోంది. టింగ్ టింగ్ అనడమే తడవు, కుడికాలు బ్రేకు మీంచి దానంతటదే లేస్తోంది. "నీకంటే గంటే నయంరా," అన్నాడు ఒకసారి, "అక్కర్లేని మాటలు మాట్లాడదు." జనం మధ్యలోంచి పిట్ట నవ్వు వినిపించింది.

చీకటి పడేవేళకి వాన మొదలైంది. అప్పుడే బస్సు వంతెన కింది దారిలోకి దిగుతోంది. ఏటవాలు దారి, రెండువైపులా గోడలు. సగం దిగాక ముందున్న బళ్ళన్నీ ఆగిపోయాయి. వెనకవీ ఆగిపోయాయి. లోపలి దీపాలు ఒక్కసారి మినుకుమని ఆరాయి.

హ్యాండ్ బ్రేకు మీద నమ్మకం లేక డ్రైవరు కాలితో బ్రేకు అదిమిపెట్టే కూర్చున్నాడు. తడిసిన బట్టల వాసన, పొగ వాసన. వాటి మధ్యలో ఇంకోటి, ఇనుము నాలుక మీద పెట్టుకున్నట్టు. నుదురు పగిలినామె నెత్తురని సరిపెట్టుకున్నాడు. కానీ ఆమె ఎప్పుడో దిగిపోయింది. ఒకరి వెనక ఒకరు అందరూ దిగి నడుచుకుంటూ పోతున్నారు. బస్సు ఖాళీ అవుతున్నకొద్దీ వాన చప్పుడు పెద్దదవుతోంది.

టింగ్ టింగ్.

కాలు లేచింది. బస్సు ఒక మూర ముందుకి జారింది. చక్రం కింద ఏదో మెత్తగా నలిగి, ఆ వెంటనే గట్టిగా విరిగింది.

ఆ కేకకి చుట్టుపక్కల హారన్లన్నీ ఆగిపోయాయి. బస్సు ముందు నించి సందు చేసుకుని పోతున్న మోటారుసైకిలు మనిషి, మోకాలి దాకా చక్రం కింద ఉన్నాడు. డ్రైవరు వెనక్కి తీసేలోపే తలుపు ఊడొచ్చింది. చక్రానికి మోటారుసైకిలు అడ్డుపడి బస్సు అక్కడే నిలిచింది. నలుగురైదుగురు అతని జుట్టు పట్టి కిందకి లాగారు. హెల్మెట్టుతో మొహం మీద కొట్టారు. ముక్కు విరిగిన చప్పుడు అతనికి లోపలి నించి వినిపించింది. పన్ను ఒకటి నోట్లోనే తిరిగింది. పిట్ట అడ్డం పడితే వాణ్ణి గోడకేసి కొట్టారు.

"వాడు కాదు... వాణ్ణేం చెయ్యకండి... బండి తోలింది నేను," అని నెత్తురు ఉమ్ముతూ బతిమాలుకున్నాడు డ్రైవరు.

చక్రం కింది మనిషి మళ్ళీ అరిచాడు. దాంతో అందరికీ అతను గుర్తొచ్చాడు. డ్రైవర్ని మళ్ళీ సీట్లోకి తోసి బస్సుని జానెడు వెనక్కి తీయించి, మోటారుసైకిలుని గోడవారకి ఈడ్చి, అతన్ని బయటికి లాగి, చేతుల మీద మోసుకుంటూ పరిగెత్తారు. వేలాడుతున్న కాలిని ఒకడు విడిగా పట్టుకున్నాడు.

"ఎందుకు కదిలించావు బావా?" బస్సెక్కుతూ అడిగాడు పిట్ట.

"నువ్వేగా కొట్టావు."

"నేను కొట్టలేదు. ముసలామెని కింద దింపుతున్నా. నేను బస్సులోనే లేను."

ఇద్దరూ గంట వైపు చూశారు. అది చిన్నగా ఊగుతోంది. పిట్ట కంగారుగా తాడు ఈ చివర నించి ఆ చివరకి పీకేశాడు, ఉండ చుట్టి కిటికీలోంచి బయటికి విసిరేశాడు.

"పోదాం బావా. తాళాలూ వద్దు, ఉద్యోగమూ వద్దు. ఇంటికి పోదాం."

డ్రైవరుకీ మనసులో అదే ఉంది. అయితే కాలు తీస్తే బస్సు జారుతుంది. ముందు ఒక లారీ ఉంది, దాని ముందు కార్లు, కార్ల నిండా పిల్లాపాపలతో మనుషులు. "చక్రాలకి రాళ్ళు పెట్టు," అన్నాడు. "పెట్టాక ఇద్దరం దిగిపోదాం. నీ అక్క నా తోలు తీస్తుంది, ముక్కు చూసి."

"ఆ ముక్కు ముందు కూడా బాగుండేది కాదులే," అన్నాడు పిట్ట. అన్నాడే గానీ నవ్వలేదు.

దిగాడు. గోడ పక్కన ఊడిన రాళ్ళు వెతికి ఒకదాన్ని ఎడమ చక్రానికి పెట్టాడు. రెండోది రెండు చేతులా గుండెకి ఆనించుకుని, బస్సుకీ లారీకీ మధ్య నించి ఇటు వస్తున్నాడు. డ్రైవరు రెండు పాదాలూ బ్రేకు మీదే ఉంచాడు. గంట మోగినా కదలకూడదు. తాడు లేదు... మోగదు... మోగినా కదలకూడదు.

పిట్ట సరిగ్గా మధ్యకి వచ్చి, అద్దంలోంచి బావని చూసి, అయిపోయిందన్నట్టు తలూపాడు.

టింగ్ టింగ్.

అతను కాళ్ళు ఎత్తలేదు. కాళ్ళే లేచాయి. రోజంతా నేర్చుకున్న పని... మోకాళ్ళని చేతులతో కిందకి నొక్కాడు. అవి అతని మాట వినలేదు. ఎడమ చక్రం రాయిని పొడి చేసుకుంటూ దిగింది.

పిట్ట అరవలేదు. అరవడానికి ఊపిరి ఉండాలి. లారీ వెనక తలుపుకీ బస్సు మూతికీ మధ్య నడుం దగ్గర ఇరుక్కున్నాడు, చేతిలో రాయి ఇంకా ఉంది, అది ముందు పక్కటెముకల్లోకి దిగింది. నోట్లోంచి నెత్తురు ఒక్కసారిగా అద్దం మీద చిమ్మింది. వాన దాన్ని కడుగుతుంటే, ఆ చారల వెనక నించి కళ్ళు బావనే చూస్తున్నాయి. నమ్మలేనట్టు. బస్సు ఇంకా నెడుతూనే ఉంది. ఎముకలు ఒక్కొక్కటే...

టింగ్.

ఒక్కటే. ఆపమని.

కాళ్ళు బుద్ధిగా బ్రేకు మీదకి వెళ్ళాయి.

అంబులెన్సు రాలేదు. ఎక్కడినించి వస్తుంది, ఊరంతా తాళం వేసినట్టుంటే. లారీవాడు బండిని ఒక జానెడు ముందుకి తోసుకున్నాక, డ్రైవరే బావమరిదిని భుజాన వేసుకుని, ఆగిన బళ్ళ మధ్య నించి నడిచాడు. ఆ మనిషికి బరువే లేదు. మధ్యలో ఎక్కడా ఎముక ఉన్నట్టు లేదు, తడిసిన బట్టలా రెండువైపులా వేలాడాడు. ఆస్పత్రిలో చూడగానే దుప్పటి మొహం మీదకి లాగారు. చల్లటి గదిలో పెట్టి తాళం వెయ్యడం డ్రైవరు కళ్ళారా చూశాడు. పోలీసులు వచ్చేదాకా కదలొద్దన్నారు. అతను లేచి ఇంటి దారి పట్టాడు. ఈ మాట ఆమెకి పరాయివాడి నోట చేరకూడదు. తిడితే తిడుతుంది, చంపితే చంపుతుంది, తనే చెప్పాలి.

దారంతా ఎలా మొదలుపెట్టాలో వెతుక్కున్నాడు. గడప మీద కుడికాలు పెట్టి తలుపు కొట్టాడు. తలుపు తీసిన భార్య అతని మొహం చూసి ఉలిక్కిపడింది. ఆ వెంటనే కోపం తెచ్చుకుంది.

"ఎక్కడ కొట్టుకుని చచ్చావు? వాణ్ణి ఒంటరిగా పంపించేసి నువ్వెటు పోయావు?"

"ఎవర్ని?"

"ఇంకెవర్ని, నా తమ్ముణ్ణి. ఎప్పుడో వచ్చాడు. తడిసి ముద్దయ్యాడు. అన్నం వద్దన్నాడు, లైటు వెయ్యొద్దన్నాడు. నడుం నొప్పని మూలుగుతూ లోపల ముడుచుకుని పడుకున్నాడు." ఆమె గొంతు తగ్గించింది. "చేతిలో ఏదో గంట పట్టుకొచ్చాడు. తీసి పక్కన పెడతానంటే ఇవ్వడం లేదు. నువ్వొచ్చేదాకా ఉంచుకుంటానన్నాడు."

లోపలి గదికి తెర వేసి ఉంది. దాని కింద నించి నీళ్ళు సన్నగా గచ్చు మీదకి వస్తున్నాయి. ఇనుము వాసన. పక్కకి తప్పుకో అనబోయాడు.

భార్య గుమ్మానికి అడ్డంగా, సరిగ్గా అతని ముందే నిలబడి ఉంది.

తెర వెనక టింగ్ టింగ్ మని మోగింది.

అతని కుడికాలు గడప మీంచి లేచింది.