పీటీ గదిలో మానని భుజం

ఆసుపత్రిలో ఆమె గది తలుపు మీద ‘పీటీ’ అని రెండే అక్షరాలు. ఫిజియోథెరపీ అని పూర్తిగా రాయించండి మొర్రో అని ఆమె మొత్తుకున్నా చెవిన పెట్టినవాడు లేడు. దాంతో పీటీ అనే రక్తపరీక్ష చీటీలతో కొందరు, పార్ట్ టైమ్ ఉద్యోగాల కోసం కొందరు వచ్చి ప్రాణం తీసేవారు.

అలా ఒకరోజు తలుపు తోసుకొచ్చాడు డ్రిల్లు మాస్టారు, జారిన కుడి భుజం పట్టుకుని.

“మా స్కూల్లో పీటీ అంటే నేనేనండి. ఇక్కడ మీరా?”

“జోకులకి ఫీజు తగ్గదు. కూర్చోండి.”

కొన్నాళ్లకు భుజం మానింది. ఆమె చేతికి ఆ సంగతి తెలుసు, అతని నోరే ఒప్పుకోదు. ఒకరోజు నొప్పి వెనక, ఒకరోజు ముందు. ఇంకోరోజు ఏకంగా ఎడమ భుజంలో.

ఆమెకు ఒళ్లు మండేది. అతనంటే ఇష్టం కాబట్టి మరీ మండేది. చికిత్సలో ఉన్న మనిషితో ప్రేమ మాటలు కూడదని ఆమె వృత్తి నియమం. అతను మానితే గానీ ఆమె నోరు విప్పలేదు, అతనేమో మానడు.

ఇంట్లో తండ్రి ఒక సంబంధం తెచ్చి, ఆదివారానికల్లా జవాబు చెప్పమన్నాడు.

“మనసులో ఎవరైనా ఉన్నారా తల్లీ?”

“ఒక పీటీ ఉన్నాడు నాన్నా.”

ప్రొఫెషనల్ ట్యాక్స్ ఆఫీసులో పనిచేసే ఆయన మొహం వెలిగిపోయింది. “మా డిపార్ట్‌మెంటా?”

“కాదు, డ్రిల్లు మాస్టారు. ఏ పీటీ అయితేనేం, ముందు ఆ మనిషి అడిగి చావాలి కదా.”

శుక్రవారం మాస్టారు మళ్లీ వచ్చాడు.

“చెయ్యి పైకెత్తండి.”

“రావట్లేదండి.”

అంతలో వాన జల్లు గదిలోకి కొట్టింది. అతను గబుక్కున లేచి, అదే చేత్తో పైనున్న కిటికీ రెక్క లాగి మూసి, వచ్చి కూర్చున్నాడు. కూర్చున్నాక నాలిక కరుచుకున్నాడు.

“ఇక్కడికి రాకపోతే మిమ్మల్ని చూసేదెలాగండి? అందుకే...”

“ఆగండి. మీ భుజం నయమైంది. ఇంక మీరు నా పేషెంటు కారు.”

“సరేనండి” అని అతను తలవంచుకుని తలుపు దాకా నడిచాడు. ఆమెకు నుదురు కొట్టుకోవాలనిపించింది.

“ఎక్కడికండీ? పేషెంటు చెబితే నేను వినకూడదు. ఇప్పుడు చెప్పండి. ఆదివారం మా నాన్నకి జవాబివ్వాలి నేను.”

అతను డ్రిల్లులోలాగా గిరుక్కున వెనక్కి తిరిగాడు. “నన్ను పెళ్లి చేసుకుంటారా?” అన్నాడు ఎలాగో.

“చేసుకుంటాను. ఈ ముక్క వినడానికి నెల రోజులు మీ మంచి భుజాన్ని నొక్కానండీ.”