పస్తు రోజు

పిల్లుల పిన్ని తొమ్మిది పిల్లుల్ని బోనుల్లో కుక్కి ఊరవతల పారేసిందని ఎదురు ఫ్లాటావిడ ఇస్త్రీ మనిషితో అందట. పనిలో పనిగా అపార్ట్‌మెంట్ సెక్రటరీగారి తెల్లపిల్లిని కూడా ఎత్తుకుపోయిందట. ఇస్త్రీ మనిషి ఆ మాట కానిస్టేబుల్ భార్య చెవిన వేసింది.

స్టేషన్‌కి చేరేసరికి తొమ్మిది పిల్లులు పంతొమ్మిదయ్యాయి.

గురువారం సాయంత్రం 3.50. ఎస్సై జీపు దిగేసరికి పిన్ని వాచ్‌మన్ గదిలో ఉంది. బయట గొళ్ళెం. గొళ్ళేనికి తాళం.

"ఎవరేశారిది?"

"మేమే మేడమ్," అన్నాడు సెక్రటరీ. "మా బుజ్జిని ఎక్కడ వదిలిందో చెప్పేదాకా కదలనిచ్చేది లేదు. మంగళవారం మధ్యాహ్నం నుంచి కనపడ్డం లేదు. మా ఆవిడ అన్నం ముట్టడం మానేసింది."

"ఎప్పట్నుంచి లోపల పెట్టారు?"

"పదకొండు నుంచి."

"మనిషిని గదిలో పెట్టి తాళం వెయ్యడం నేరం. ముందు తియ్యండి. మీ సంగతి తర్వాత చూస్తాను."

కిటికీ లేని గది. లోపల అడుగుపెట్టగానే ఎస్సైకే ఊపిరాడలేదు. ఆ పిల్లులకి రోజూ తిండి పెట్టే పిన్ని, రిటైర్డ్ నర్సు, మంచం అంచున కూర్చుని ఉంది. చీర చెమటకి వీపుకంటుకుపోయింది.

"కాసిని నీళ్ళిస్తావా అమ్మాయ్?"

ఎస్సై బాటిల్ అందించింది. పిన్ని గటగటా తాగి మూతి తుడుచుకుంది. "నాకు నువ్విచ్చావు. వాటికెవరిస్తున్నారో."

"బోనులు పెట్టారా?"

"పెట్టాను. బుధవారం పొద్దున్న ఆరింటికి, సైకిల్ స్టాండ్ దగ్గర. మూడు కొత్త ఆడపిల్లులొచ్చాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి మళ్ళీ ఇక్కడే వదలాలి. మిగతా ఆరు పిల్లులకి ఎప్పుడో అయిపోయింది. ఎడమచెవి కొస కత్తిరించి ఉంటుంది చూడు, అదే గుర్తు."

"ఎన్ని పడ్డాయి?"

"ఒక్కటీ రాలేదు. ఆకలిమీదున్న పిల్లి చేప వాసనకి రాకపోవడం పన్నెండేళ్ళలో చూళ్ళేదు."

"అవి ఉండేదెక్కడ?"

"జనరేటర్ వెనక. అటు నేనసలు పోను. మనిషి తిరిగితే మచ్చికకాని పిల్లి ఆ చోటే వదిలేస్తుంది. ప్లేటు మీద గరిటెతో కొడతాను, అవే వస్తాయి."

ఎస్సై అటు నడిచింది. అందరూ వెనకే వచ్చారు. మనిషి పట్టీపట్టని సందు. గోడ అడుగున, మోకాలెత్తులో, చతురస్రంగా కొత్త సిమెంటు.

"ఇదేంటి?"

సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు. "నేల కింద పైపులు పోయే ఖాళీ మేడమ్. అందులో దూరి సంసారాలు పెట్టాయి. మేస్త్రీతో మూయించాను."

"ఎప్పుడు?"

"మంగళవారం సాయంత్రం ఆరింటికి. అన్నీ తిండికి బయటికొచ్చే టైం చూసి మరీ మూయించాను. మేమూ మనుషులమే."

"వచ్చాయని ఎలా తెలుసు?"

అందుకు వాచ్‌మన్ ముందుకొచ్చాడు. "రోజూ ఆరింటికే కదమ్మా తింటాయి. గడియారం తప్పినా అవి తప్పవు."

"ఆవేళ తింటుంటే చూశావా?"

"నేనెళ్ళేసరికే ప్లేట్లు బోర్లించి ఉన్నాయి. తినేసి గోడ దూకాయనుకున్నా. మూసెయ్యమన్నా."

పిన్ని గోడ పట్టుకుంది.

"పిన్నీ, బుధవారం పిల్లులు ఆకలిమీదుంటాయని మీకెలా తెలుసు?" అడిగింది ఎస్సై.

"మత్తిచ్చే ముందు రోజు పస్తమ్మా. పొట్ట ఖాళీగా ఉండాలి. ఎవరూ పొరపాటున ఏమీ వెయ్యకుండా నేనే ప్లేట్లు బోర్లిస్తాను."

ఎస్సై సెక్రటరీ వైపు తిరిగింది.

"టైం సరిగ్గానే చూశారు. కానీ ఆ రోజు వంట లేదు, వడ్డన లేదు. ప్లేటు మోగలేదు. ఒక్క పిల్లీ బయటికి రాలేదు. ప్లేట్లు చూసి తిన్నాయనుకున్నారు. అవి లోపలుండగానే సిమెంటు వేశారు." వాచీ చూసుకుంది. 4.10. "నలభై ఆరు గంటలైంది. గునపం తే!"

నాలుగో దెబ్బకి గోడ పెచ్చు ఊడింది. వేడిగాలి, కంపు మొహాన కొట్టాయి. చీకట్లోంచి ఓ గోధుమరంగు పిల్లి పాక్కుంటూ వచ్చింది. ఎడమచెవికి కొస లేదు. వెనకే ఇంకోటి. ఎస్సై లెక్కపెట్టింది. ఎనిమిది.

తొమ్మిదోదాన్ని పిన్నే చెయ్యి పెట్టి బయటికి తీసింది. ఒళ్ళు కొయ్యబారిపోయింది. కొంగులో చుట్టుకుంది.

అన్నిటికన్నా వెనగ్గా వచ్చింది తెల్లది. మెడలో ఎర్ర పట్టీ.

"బుజ్జీ!" సెక్రటరీ భార్య జనాన్ని తోసుకొచ్చి దాన్ని గుండెకదుముకుంది. ఏడుపుతో మనిషంతా ఊగిపోతోంది. సెక్రటరీ మాత్రం ఉన్నచోటే రాయిలా నిలబడ్డాడు.

ఎస్సై గోడవైపు చూసింది. ఆ గోడకి అవతల ఉన్నది సెక్రటరీగారి హాలే.

"రెండ్రోజులు ఇన్ని పిల్లులు అరిస్తే మీ ఇంట్లో ఒక్కరికీ వినపడలేదా?"

ఆవిడ తలెత్తింది.

"వినపడింది," అంది. "మనది కాదనుకున్నా."