బేరికాయల బేరం

మొదట్లో అతని చేతిలో ఉన్నవి ఇవి: రెండు వీధులు కలిసే మూల మీద నాన్న అప్పగించిన పండ్ల కొట్టు, ఎవరు తూచినా ఒకటే మాట చెప్పే త్రాసు, ఎంతటివాడినైనా బేరంలో పడేసే నోరు, ‘కొసరు’ అనే పేరు. ఆ పేరు బజారు పెట్టింది. తూకం అయ్యాక సంచీలో ఇంకో పండు వేయకుండా అతను ఎవర్నీ పంపేవాడు కాదు. చూసేవాళ్లకు అది ధర్మంలా కనిపించేది కానీ దాని వెనక లెక్క ఉంది. కొసరు రుచి మరిగినవాడు అసలు కోసం మళ్లీ వస్తాడు.

పెళ్లి మాట అమ్మ ఎత్తినప్పుడల్లా ఇది సీజన్ కాదనేవాడు. ఎదురుగా దర్జీ ఖాళీ చేసిన గదిలో ఒకమ్మాయి సలాడ్ల కొట్టు తెరిచాక ఆ అంచనా తప్పింది.

మొదటి రోజు ఆమె ద్రాక్ష కోసం వచ్చింది. ఒక్కో గుత్తినీ వెలుతురుకు ఎత్తి, తొడిమ చూసి, వాసన చూసి ఏరుకుంది. పెళ్లి సంబంధాలకు కూడా ఇంత పరీక్ష చేయరని అతను అన్నాడు. సంబంధమైతే ఇంకా ఎక్కువే చేస్తానని ఆమె తలెత్తకుండా జవాబిచ్చింది. తూకం అయ్యాక అతను అలవాటు కొద్దీ గుప్పెడు అక్రోట్లు సంచీలో వేశాడు. ఆమె వాటిని తీసి త్రాసు పళ్లెంలో పెట్టేసింది.

“ఇవి నేను అడగలేదు.”

“కొసరండీ.”

“ఊరికే వచ్చింది ఊరికే ఉండదు. నాకు అసలు చాలు.”

కొసరు తిరిగి రావడం ఆ కొట్టు పుట్టాక అదే మొదటిసారి. ఆ సాయంత్రం అతను ఒకావిడకి ఆపిల్స్ బదులు దానిమ్మలు తూచాడు. ఎదుటి అద్దం తలుపు మీద నుంచి చూపు తిప్పుకుంటే కదా, చేతిలో ఏముందో తెలిసేది.

అప్పటినుంచి ప్రయత్నం మానలేదు. ప్రతి సరుకుతోనూ ఏదో ఒక కొసరు పంపేవాడు, ఆమె తిప్పి పంపేది. ఒకసారి నాలుగు అంజూరలు, ఒకసారి ఒకే ఒక్క ఎర్రటి చెర్రీ. చెర్రీని ఆమె స్వయంగా తెచ్చి ఇస్తూ, దీన్ని తూచడానికి మీ దగ్గర రాయి ఉందా అని అడిగింది. అడిగి నవ్వింది. అతను ఆ నవ్వును లాభం కింద రాసుకున్నాడు.

ఆమె కొట్టు గుమ్మంలో వాళ్ల నాన్న కూర్చునేవాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. కాగితం రుమాళ్లు మడతపెట్టడం, కూతురు చేసినవన్నీ రుచి చూడటం ఆయన డ్యూటీ. బాగుంటే “రైట్ రైట్” అంటాడు. బాగాలేకపోతే “హోల్డాన్”. మూడో మాట లేదు.

అసలు సంగతి అతనికి చెప్పింది ఆయనే. వీధి చివర పెద్ద ఆఫీసు వాళ్లు రేపు మధ్యాహ్నం రుచి చూడటానికి వస్తున్నారు. నచ్చితే ఆఫీసు మొత్తానికి రోజూ మధ్యాహ్నం సలాడ్ ఇక్కడినుంచే. నచ్చకపోతే కొట్టుకు తాళం. అన్నయ్య ఉన్న ఊళ్లో హోటల్ వంటగదిలో చేరతానని ఆమె ఆ అన్నయ్యకే మాటిచ్చేసింది.

“మాటిస్తే మొండిది బాబూ, వెళ్లిపోతుంది,” అన్నాడు పెద్దాయన రుమాలు మడుస్తూ.

ఎదుటి తలుపు మూతపడితే ఈ కొట్టులో ఎన్ని పండ్లున్నా గిరాకీ లేనట్టే.

ఆ సాయంత్రమే ఆమె ఫోన్ చేసి బేరికాయలు ఒక బుట్ట, ఉన్నవాటిలో మంచివి కావాలంది. అతను గోడౌన్‌లోకి వెళ్లి ఒక్కోదాన్నీ మెడ దగ్గర నొక్కి చూశాడు. బేరి మిగతా పండ్లలా కాదు, పైకి ఏమీ తెలియనివ్వదు. మెడ మెత్తబడితే పండినట్టు. మెత్తబడినవి పక్కన పెట్టి, రాయిలాంటివి ఏరి బుట్ట నింపాడు. మెత్తవి అప్పుడే వచ్చిన జ్యూస్ బండివాడు పట్టుకుపోయాడు.

పొద్దున్నే జోరు వానలో ఆమె రోడ్డు దాటి వచ్చింది. గొడుగు మరిచిపోయింది కానీ బేరికాయ తేవడం మరవలేదు. దాన్ని బల్ల మీద పెట్టింది. టక్కుమంది.

“దీన్ని ఏమంటారు?”

“బేరికాయ.”

“గోడకు మేకు కొట్టుకోవడానికి పంపారా?”

“మీరు కాయలన్నారు, కాయలే పంపాను. పండ్లంటే పండ్లు పంపేవాణ్ణి. మా మార్కెట్‌లో కాయంటే కాయే.”

ఆమె ముంగురుల మీంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు. ఎదురుగా గుట్టపోసిన వాటి వైపు వేలు చూపించింది.

“అదేంటి?”

“పుచ్చకాయ.”

“పండిందేనా?”

“తేనెలా ఉంటుంది.”

“మరి పుచ్చపండు అనరేం? అది దానిమ్మకాయ, ఇది జామకాయ. అన్నీ పండినవే అమ్ముతున్నారుగా. నా బేరికాయ దగ్గరికి వచ్చేసరికి వ్యాకరణం గుర్తొచ్చిందా?”

అతను ఆ బేరికాయను తీసి త్రాసు పళ్లెంలో పెట్టాడు. ఆమె గొంతు తగ్గింది.

“మధ్యాహ్నానికి వాళ్లొస్తారు. ఏదుంటే దానితోనే పెడతాను. పెట్టడం మాత్రం ఖాయం.”

ఆమె వెళ్లిపోయింది. అతను కొట్టు షట్టర్ సగం దించి, రెయిన్‌కోటు తగిలించుకుని బండెక్కాడు. తప్పు సగం తనది. మిగతా సగం ఎవరిదైనా నష్టం మాత్రం ఇద్దరిదీ. కనుక పండ్లు తేవాల్సింది తనే.

హోల్‌సేల్ మార్కెట్‌లో బేరి లోడు రాలేదు. లారీ వానకు దారిలో ఆగిపోయింది. జ్యూస్ బండివాడి దగ్గరికి వెళ్తే, అప్పటికే పిండేశానని ఖాళీ గ్లాసులు చూపించాడు. ఇక మిగిలింది పక్క వీధి పండ్ల కొట్టు మీసాలాయన. ఒక ద్రాక్షపెట్టె దగ్గర మాటా మాటా పెరిగి ఇద్దరూ పలకరించుకోవడం మానేసి చాలా కాలమైంది. అతను ఆ కొట్టు మెట్లెక్కి, “అన్నా, తప్పు నాదే, బేరిపండ్లున్నాయా?” అన్నాడు. మీసాలాయన కాసేపు అతన్నీ, అతని కాళ్ల కింద మడుగునూ చూసి, ఉన్నవన్నీ ముందు పెట్టాడు. నొక్కి చూస్తే మెడ మెత్తగానే ఉంది. కోస్తే లోపలంతా కుళ్లి గోధుమరంగు.

ఉత్త చేతులతో ఆమె వంటగది గుమ్మంలో నిలబడ్డాడు. వేరే మాట లేకుండా, దొరకలేదని చెప్పాడు. ఆమె తిట్టలేదు.

“చేతులు కడుక్కుని రండి. అక్రోట్లు పగలగొట్టాలి.”

ఆమె అప్పటికే ఒక కాయతో కుస్తీ పడుతోంది. లావుగా కోసిన ముక్కలు నోట్లో కిర్రుమన్నాయి. పెద్దాయన “హోల్డాన్” అన్నాడు. పలుచగా కోసి ఉప్పు చల్లితే నీరు వదిలింది. మళ్లీ “హోల్డాన్”. అతను వేయిస్తున్న అక్రోట్లు, ఆమె మెడ మీద వాన చుక్క ఎండుతుందా లేదా అని చూస్తున్నంతలో మాడిపోయాయి. వాటికి వాసనతోనే “హోల్డాన్” పడింది.

“చూపు మూకుడు మీద పెట్టండి,” అంది ఆమె వెనక్కి తిరగకుండానే.

చివరికి ఆమె కాయను అవతలి వెలుగు కనిపించేంత పలుచగా చెక్కింది. తేనె, నిమ్మరసం కలిపి కాసేపు దానిలో ఊరనిచ్చింది. లేత ఆకుల మీద ఆ రేకులు పరిచి, చీల్చిన నల్లద్రాక్ష, సన్నసెగ మీద వేగిన అక్రోట్లు, పైన చిదిపిన ఉప్పటి చీజ్. పెద్దాయన ఒక ముద్ద నమిలి, ఆగి, ఇంకో ముద్ద తీసుకున్నాడు. మాట మాత్రం చెప్పలేదు. బస్సు నిండాకే చెబుతానన్నాడు.

ఆఫీసు మేనేజరమ్మ వచ్చింది. ముందే చెప్పింది, ఇదివరకటి వాళ్ల సలాడ్లు డబ్బాలో పెట్టి పైఅంతస్తుకు చేరేసరికి గుజ్జయ్యేవట. అందుకని అక్కడే తినలేదు. డబ్బా పట్టుకుని వెళ్లిపోయింది. వాళ్లు ముగ్గురూ గుమ్మంలో నిలబడి వానను చూశారు. ఆమె చేతిలో రుమాలు నలిగి ఉండైపోయింది. అతను తన చేతిలో ఉన్న అక్రోటు చిప్పను పొడి చేసేశాడు.

మేనేజరమ్మ ఖాళీ డబ్బాతో తిరిగొచ్చింది.

“ఇంతసేపున్నా కరకరలాడుతూనే ఉంది. ఏం పండమ్మా ఇది?”

“పండు కాదండీ, కాయ,” అన్నారు ఇద్దరూ ఒకేసారి.

సోమవారం నుంచి పంపమని, అదే కాయ ఉండాలని చెప్పి ఆవిడ గొడుగు విప్పింది. ఆవిడ వీధి మలుపు తిరిగాక ఆమె గోడకు ఆనుకుని నవ్వింది. కళ్లు తడిగా ఉన్నాయి. ఈసారి అది వాన కాదు.

సోమవారం పొద్దున అతను బుట్ట తెచ్చి బల్ల మీద పెట్టి అక్కడే నిలబడ్డాడు. ఆమె కాయలన్నీ ఏరి చూసింది. అన్నీ రాళ్లే.

“ఇవాళ కొసరు లేదేం? బుద్ధొచ్చిందా?”

“మీకు అసలు చాలన్నారు కదా. అసలే తెచ్చాను.”

ఆమె బుట్ట అడుగుదాకా చూసింది. “ఎక్కడ?”

“ఇక్కడ నిలబడ్డాను కదా.”

గుమ్మంలో రుమాలు మడిచే చప్పుడు ఆగింది. అతను బేరాల్లో నేర్చినదంతా మరిచిపోయి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆ రోజు వానలో తిరిగింది బేరిపండ్ల కోసం కాదనీ, ఎదుటి తలుపు మూతపడకూడదనేననీ, ఇందులో తగ్గింపులు, తిప్పి పంపడాలు లేవనీ.

ఆమె బుట్ట పక్కకు జరిపింది.

“కాయా? పండా?”

“మెడ దగ్గర నొక్కి చూసుకోండి.”

నాన్న ఉన్నాడని కూడా చూడకుండా ఆమె నిజంగానే బొటనవేలు పెట్టి చూసింది.

“ఇంకా గట్టిగానే ఉంది,” అంది తీరిగ్గా. “పరవాలేదు. ఎక్కువకాలం నిలవ ఉండాలంటే ఇలాంటిదే కావాలి.”

గుమ్మంలోంచి పెద్దాయన, బస్సంతా వినపడేలా అన్నాడు:

“రైట్ రైట్.”

లెక్క తేల్చుకుంటే, పోయింది కాయంటే కాయేనన్న పంతం ఒకటి, ఒక మూకుడు అక్రోట్లు. తిరిగొచ్చినవాడు మీసాలాయన, పెళ్లి ద్రాక్ష అంతా ఆయనే పంపాడు. కొట్టు, త్రాసు ఉన్నచోటే ఉన్నాయి. బజారు ఇప్పటికీ అతన్ని కొసరనే పిలుస్తుంది. ఎదుటి కొట్టులోంచి వచ్చే పిలుపు మాత్రం “అసలు గారూ” అని. కోపం వచ్చిన రోజున “కాయ” అంటుంది. ఆ పిలుపునీ అతను లాభంలోనే వేసుకున్నాడు.