రాళ్లగుంటలో పిలుపు

సాగర్ డ్యాం కడుతున్న రోజులవి. విజయపురి సౌత్‌కి పోయే బాట పక్కన, రాయి తీసి వదిలేసిన గుంట ఒకటుండేది. మందు పేల్చేటప్పుడు అక్కడెవరో పోయారని చెప్పుకునేవాళ్లు. పొద్దు గూకాక లోపల్నించి మూలుగు వినపడుద్దనీ, పిలిస్తే మాత్రం పలకగూడదనీ అనేవాళ్లు.

ఆసుపత్రి ఆయా దయామణి రోజూ ఇంటికి పోయే దారి అదే. పగటి డ్యూటీ అయినా సరే, ఆమె చేతిసంచిలో టార్చిలైటు ఉండాల్సిందే. "పట్టపగలు లైటెందుకే?" అని తోటివాళ్లు నవ్వేవాళ్లు. "ఏ పొద్దు ఏం అవసరం పడుద్దో ఎవురికి తెలుసు?" అనేది. కరెంటు పోయిన రాత్రి ఒక కాన్పు ఆ లైటు వెలుగులోనే జరిగింది మరి.

ఆ రోజు వాంతులూ విరేచనాల రోగులతో వార్డు నిండిపోయింది. ముందు రాత్రిదీ ఆ పగటిదీ రెండు డ్యూటీలూ ఒక్కతే చేసింది. గుంట దగ్గరికొచ్చేసరికి చీకటి పడింది. కాళ్లు తన మాట వినడంలేదు.

"అమ్మా..."

ఆగింది. ఆకు కూడా కదలడంలేదు.

"ఓ యమ్మా... ఎవురూ..."

పరిగెత్తాలి — కానీ పరిగెత్తే ఓపికేదీ? దెయ్యమైతే పట్టుకోనీ, కాసేపు కూర్చోవచ్చు అనుకుంది.

లైటు వేసింది. రాళ్లు... తుమ్మపొదలు... మళ్లీ రాళ్లు... వాటి మధ్య తెల్లటి చెయ్యి ఒకటి.

అది కదిలింది.

"ప్రభువా" అనుకుంటూ దిగింది. ఒళ్లంతా రాతిదుమ్ము కొట్టుకుపోయిన మనిషి. కాలు బండ కింద ఉంది.

"మనిషివేనా తల్లీ?" అన్నాడతను.

"నేనడగాల్సిన మాట నువ్వడుగుతున్నావేందయ్యా?"

పేరు పోలయ్య. వినుకొండ వైపు నుంచి రాళ్లు కొట్టే పనికొచ్చాడు. నిన్న సందెవేళ అడ్డదారిన పోతూ జారిపడితే, వెంటే బండ దొర్లి కాలి మీద పడిందట. "అప్పట్నించీ పిలుస్తానే ఉండా. పగలు గూడా వచ్చినోళ్లు వచ్చినట్టే లగెత్తారు."

బండ ఆమె వల్ల కదల్లేదు; నెట్టిన అదురుకి మోకాలి దగ్గర గాయం మళ్లీ రేగింది. చీర చింపి కట్టు కట్టింది. చెయ్యి తీస్తే చాలు, నెత్తురు ఉబికి వస్తోంది. ఇక ఎవర్ని పిలవడానికి పోగలదు? ఒక చేత్తో కట్టు అదిమిపట్టి, రెండో చేత్తో లైటు బాట వైపు ఊపుతూ కూర్చుంది.

వెలుగు పసుపుపచ్చగా మారింది... ఎర్రబడింది... ఆరిపోయింది.

"పోలయ్యా, ఉండావా?"

"ఉండా..."

అతను నిద్రలోకి జారితే ఇక లేవడేమోనని భయం. తన రెప్పలు వాలినప్పుడల్లా మళ్లీ పిలిచేది.

ఎప్పుడో, అలా పిలుచుకుంటుండగానే బాట మీద బీడీ నిప్పు మెరిసింది. దయామణి బొంగురుపోయిన గొంతుతో, ఉన్న బలమంతా పెట్టి అరిచింది. "అయ్యా... ఇటు రండయ్యా..."

"రండీ..." అన్నాడు పోలయ్య కూడా.

బీడీ కింద పడింది. అడుగుల చప్పుడు దడదడమంటూ దూరమైపోయింది.

తెల్లారగట్ల లారీ డ్రైవరు మక్బూల్ గుంటలో ఆమె కట్టుకున్న ఆసుపత్రి చీర చూసి బండి ఆపాడు. క్లీనరూ అతనూ కలిసి బండ దొర్లించారు. పోలయ్య ప్రాణమూ దక్కింది, కాలూ దక్కింది.

అతన్ని ఆసుపత్రిలో చేర్చి దయామణి ఇల్లు చేరేసరికి బాగా పొద్దెక్కింది. పక్కింటి రోశమ్మ ఎదురొచ్చి, చెవిలో గుసగుసగా చెప్పింది.

"అక్కా, నువ్వా దారిన రామాక. మా ఆయనకి రాత్రి నుంచీ ఒకటే జ్వరం. గుంటలో ఇప్పుడు రెండుండాయంట... ఒకటి మగది, ఒకటి ఆడది. 'ఉండావా' అంటే 'ఉండా' అనుకుంటన్నాయంట!"

దయామణి ఏదో చెప్పబోయింది. ఆవలింత అడ్డమొచ్చింది.

"అవునంట" అని, లోపలికి పోయి పడుకుంది.