ఆగని డప్పు

మణిగిరి రాజ్యానికి వింత ఆపద వచ్చిపడింది. యువరాణి కువలయ పెరగడం ఆగలేదు. పదిహేనేళ్ళకే ఆమె తల అంతఃపుర ద్వారబంధాలను దాటిపోయింది. అంత దేహానికి నెత్తురు తోడలేక గుండె అలసిపోతోంది.

"పౌర్ణమి దాటితే ఈ గుండె ఆగుతుంది. ఎవరైనా ఆమె ఒంటి లోపలికి వెళ్ళి చూడాలి," అన్నాడు శంఖపాద ముని. పౌర్ణమి ఇంకా మూడు రోజులే.

సేనాపతులు నేల చూపులు చూశారు. డప్పు వాయించే ఎర్రన్న కూతురు పైడి ముందుకొచ్చింది. కువలయకు ఆమె చిన్ననాటి నేస్తం.

ముని ఇచ్చిన పసరు మింగగానే పైడి ఆవగింజంత అయిపోయింది. యువరాణి చెవిలో దూరి, ఇరుకు సందులు దాటి, ఎర్రని నదిలో పడింది. అక్కడ ఒక తెల్లని భూతం దారి కాచింది.

"పరాయి వాసన. మింగేస్తా."

"మింగు మామా. రేపు గుండె ఆగితే నువ్వు మాత్రం ఉంటావా? ముందు నన్ను ముని చెప్పిన శిరోగిరికి, ఈ తల శిఖరానికి చేర్చు."

భూతం బుర్ర గోక్కుని ఆమెను భుజానికెత్తుకుంది.

దేహానికి 'పెరుగు' అనే కబురు పంపే దొర ఉండేది ఆ శిరోగిరి మీదే. పైడి వెళ్ళీ వెళ్ళగానే నిలదీసింది.

"నేను కబురు పంపి నెలయిందమ్మా," అన్నాడు దొర దిగులుగా. "నా దూతలు పెరుగుదలను నడిపే కోట గుమ్మం దాటలేరు. లోపల ఆ కబురు చాటేది డప్పువాడు. వాణ్ణే అడుగు."

కోట గుమ్మం బయట దూతలు గుర్రు పెడుతున్నారు. లోపల మాత్రం డప్పు మోగుతూనే ఉంది. పైడి తాళం రంధ్రంలోంచి దూరింది. భూతం సన్నగా దారంలా సాగి వెనకే వచ్చింది.

"ఆపు బాబాయ్," అంది పైడి డప్పువాడితో.

"నా చేతుల్లో లేదు తల్లీ. కబురొస్తే డప్పును మంట మీద కాచి వాయిస్తాను. చర్మం చల్లారితే మోత దానంతటదే ఆగుతుంది, నా చేతులూ ఆగుతాయి. ఈసారి చల్లారడం లేదు."

"చింపేస్తే పోలా?" భూతం గోళ్ళు చాచింది.

"చింపితే రేపు నిజమైన కబురు ఎవరు చాటుతారు మామా?"

పైడి తండ్రి డప్పును రోజూ కాచే పిల్ల. చట్రం చుట్టూ వేలు పోనిచ్చింది. ఒకచోట చురుక్కుమంది. చర్మానికీ చట్రానికీ మధ్య నిప్పుకణిక ఒకటి ఇరుక్కుని ఉంది. వేళ్ళు కాలుతున్నా పట్టు వదలకుండా దాన్ని పెకలించింది. మోత మెల్లగా మెత్తబడి ఆగిపోయింది. డప్పువాడు కూర్చున్నచోటే నిద్రపోయాడు.

భూతం పైడిని ముక్కు దాకా మోసుకొచ్చింది. కువలయ తుమ్మింది. పైడి బయటపడి మళ్ళీ మామూలు మనిషంత అయింది.

"ఏం కావాలో కోరుకో," అన్నాడు రాజు.

"మా నాన్న డప్పుకు కొత్త చర్మం."

రాజు నవ్వి అదీ ఇచ్చాడు, ఆస్థాన వైద్యురాలి పదవీ ఇచ్చాడు.

కువలయ పొడవు తగ్గలేదు, మరి పెరగలేదు; పౌర్ణమి దాటినా గుండె నిలకడగా కొట్టుకుంది. అంతఃపుర ద్వారబంధాలే ఎత్తు పెంచుకున్నాయి. ఆమె పట్టాభిషేకం నాడు కిరీటం పెట్టడానికి పురోహితుడు నిచ్చెన ఎక్కాల్సి వచ్చింది. కింద పైడి, వేలి మీద కాలిన మచ్చతో, డప్పు వాయించింది. ఎంతసేపు వాయించాలో సరిగ్గా అంతసేపే.