తొలెగెన్ పేరుతో నడిచే ఫైలు

శుక్రవారం వచ్చిందంటే మా కంట్రోల్ రూమంతా నూనె వాసన. ఆ వాసన తెచ్చేది నేనే. పొద్దున్నే లేచి ఏడు షెల్పెక్‌లు వేయిస్తాను. పల్చటి రొట్టెలు, అంచులు కరకరలాడాలి. పిండి నూనెలో వేస్తూ మా ఇంట్లో పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెబుతాను. పోయినవాళ్లకి రొట్టె అందదు, ఆ పొగే అందుతుంది. రొట్టె మనం తింటాం. తిన్నవాళ్లు "చేరాలి" అంటారు.

మాది ఊరికి వేడినీళ్లు పంపే బాయిలర్ కేంద్రం. కరగండా అవతల, గనులు మూతబడ్డ ఊరు. నేను, జిబాగుల్‌ని, ఇక్కడ డిస్పాచర్ని. ఏ వీధికి ఎంత వేడి పంపాలో చూడటం నా పని. నిజానికి చూసేది నేను కాదు, తొలెగెన్ రాసిన మాక్రో. ఎక్సెల్ షీట్‌లో బయటి చలి ఎంతో, నీళ్ల వేడి ఎంతో కొట్టి బొత్తాం నొక్కితే, ఏ వాల్వు ఎంత తెరవాలో అదే లెక్కగట్టి అదే తెరుస్తుంది. చేత్తో అంకె మారుద్దామంటే కుదరదు. తాళం వేసి పెట్టాడు మహానుభావుడు.

తొలెగెన్ అంత పుల్లవిరుపు మనిషిని నేనెక్కడా చూడలేదు. పెళ్లాం లేదు, పిల్లల్లేరు. "నేను పోతే మీరంతా గడ్డకట్టి చస్తారు" అని టీ చప్పరిస్తూ నవ్వేవాడు. ఒకసారి అడిగాడు, "జిబాగుల్, నా పేరున ఒక రొట్టె వేయిస్తావా?" అని. "నీకా? వేడినీళ్లు కూడా పొయ్యను" అన్నాను. శరదృతువులో పోయాడు. పీడ విరగడైందనుకున్నాను. తప్పేముంది? ఆ మనిషి చేతిలో ఇరవయ్యేళ్లు పడ్డదాన్ని నేను.

పీడ విరగడవుతుందా! మేనేజరు కొత్త కంప్యూటర్లు తెప్పించాడు, వాటిలో కొత్త ఆఫీసు సాఫ్ట్‌వేర్. తొలెగెన్ ఫైలు వాటి మీద నడిస్తే ఒట్టు. నా కంప్యూటర్లో తెరిస్తే అక్షరాలన్నీ పిచ్చిగీతలు. రెండోదాంట్లో "ఈ వెర్షన్‌లో ఈ మాక్రో పనిచేయదు" అంటుంది. మేనేజరు గదిలోదైతే ఇంకా ఘోరం. మేం దశాంశానికి కామా పెడతాం, దానికేమో చుక్క కావాలి. తొమ్మిదిన్నర కాస్తా తొంభై అయిదైపోయి, మార్కెట్ వీధి గొట్టం పగిలినంత పనైంది. చచ్చి సాధించడమంటే ఇదే. కిటికీ పక్కన తొలెగెన్ పాత కంప్యూటర్ మీద మాత్రం ఫైలు బుద్ధిగా నడిచేది. అందుకే దాన్ని కదపకుండా ఉంచాం.

ఆ శుక్రవారం నేను వచ్చేసరికి ఆ బల్ల ఖాళీగా ఉంది.

"ఏదిరా పెట్టె?" అన్నాను. కంప్యూటర్లు చూసే బెక్‌జాత్ వైరు చుడుతూనే చెప్పాడు.

"మేనేజరు గారు బడికి ఇచ్చెయ్యమన్నారక్కా. నిన్ననే డిస్కు తుడిచేసి పంపాను. ఫైలు కాపీ ఉందిలే, కంగారు పడకు."

"కాపీ ఉందట కాపీ! నీ మొహం మండ, ఇవాళ తుఫాను రా!"

కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఉన్న చిమ్నీ కూడా కనబడటం లేదు. మంచు అడ్డంగా కొడుతోంది. రోడ్లు మూసేశారు. నిన్న పెట్టిన అంకెల మీదే వాల్వులు నిలబడి ఉన్నాయి, చలి మాత్రం గంటగంటకీ దిగుతోంది. మా చివరి లైను ప్రసూతి ఆస్పత్రిది. దాని వాల్వు గుంట మంచు కింద పూడిపోయింది, మనిషి వెళ్లి తిప్పే దారి లేదు. ఆ ఆస్పత్రిలో నా కూతురు ఆయిమన్ ఉంది, నెలలు నిండకుండా పుట్టిన నా మనవడితో. పిడికెడంత ప్రాణం. పేరు అనుకున్నాం, అల్దియార్ అని. ఇంకా పెట్టలేదు. మా దగ్గర పెద్దవాళ్లొచ్చి చెవిలో మూడుసార్లు పిలిస్తేనే అది బిడ్డ పేరు. అంతవరకూ అది ఎవరిదీ కాదు.

మధ్యాహ్నానికి ఆయిమన్ ఫోన్ చేసింది.

"అమ్మా, రేడియేటరు చల్లగా అయిపోతోంది. శాలువాలన్నీ వాడికే చుట్టాను. పెదాలు నీలంగా ఉన్నాయమ్మా..."

"గుండెలకి హత్తుకో. ఇప్పుడే పంపిస్తాను తల్లీ, ఇప్పుడే" అన్నాను.

బెక్‌జాత్ మేనేజరు కంప్యూటర్‌ని మా గదిలోకి మోసుకొచ్చి, దాని ముందు కూర్చుని ఆ మాక్రో లోపలంతా గాలించాడు. కామాలు సరిచేశాడు. అయినా బొత్తాం నొక్కితే ఉలకదు, పలకదు. చివరికి బల్ల మీద చరిచాడు.

"దొరికిందక్కా! ఆఫీసు సెట్టింగుల్లో వాడేవాడి పేరేంటో చూస్తోంది. తొలెగెన్ అని ఉంటేనే నడుస్తుంది. ముసలాయన ఎంత గడుసువాడు!"

"అయితే ఆ పేరే పెట్టి చావు."

పెట్టాడు. బొత్తాం నొక్కాడు.

అంకెలు కదిలాయి. హమ్మయ్య అనుకున్నాను. ఒక్కో వీధీ పచ్చగా మారుతోంది. మార్కెట్, బడి, స్టేషన్... ఆస్పత్రి దగ్గరకొచ్చి ఆగింది. తెర మధ్యలో చిన్న పెట్టె తెరుచుకుంది.

పేరు వాడుకున్నారు. బదులు పేరు ఇవ్వండి.

"ఇదేంట్రా?"

బెక్‌జాత్ మొహంలో నవ్వు పోయింది. "ఈ మాట... లోపలెక్కడా లేదక్కా. ప్రతి వరసా చదివాను."

అప్పుడే వాసన తగిలింది. వేడి నూనె వాసన. నా రొట్టెలు పొద్దుటే చల్లారిపోయాయి, గుడ్డ కింద ఉన్నాయి. ఇది ఇప్పుడే బాణలిలో వేసినట్టుంది. ఖాళీ బల్ల వైపు నుంచి వస్తోంది.

"దాన్ని మూసెయ్" అన్నాను గుసగుసగా.

మూసేశాడు. నా కంప్యూటర్లో తెరుచుకుంది. పిచ్చిగీతలు తప్ప ఏమీ చూపించని ఆ కంప్యూటర్లో, అచ్చు గుద్దినట్టు, అదే మాట. రెండోదాంట్లోనూ అదే. వెర్షన్ లేదు, గిర్షన్ లేదు. అన్నింటిలోనూ ఒకటే.

పెట్టె వెనకాల ఆస్పత్రి అంకె తగ్గుతోంది. వాల్వు మూసుకుంటోంది.

బెక్‌జాత్ తన పేరు కొట్టాడు.

పిలిచిన పేరు. కుదరదు.

నేను వాణ్ణి పక్కకు తోసి నా పేరు కొట్టాను. జిబాగుల్. తీసుకో, ముసలి పీనుగా, నన్ను తీసుకో.

పిలిచిన పేరు. కుదరదు.

అంకె ఇంకా తగ్గింది. ఖాళీ బల్ల దగ్గర కుర్చీ కిర్రుమంది. తొలెగెన్ లేచేముందు అలాగే కిర్రుమనేది... నేను అటు తిరగలేదు. బెక్‌జాత్ తిరిగాడు. తిరిగి, మెల్లగా కళ్లు మూసుకున్నాడు.

ఫోన్ మోగింది. ఆయిమన్. ఏడుపు తప్ప మాట లేదు. ఆ ఏడుపు దానిది. బిడ్డ గొంతు వినబడటం లేదు.

పిలిచిన పేరు వద్దంటోంది. మరి పిలవని పేరైతే? ఇంకా ఎవరిదీ కాని పేరు? ఇస్తే ఎవరికేం నష్టం? మేం ఇంకోటి పెట్టుకుంటాం. పేర్లకేం కొదవ? అలాగే అనుకున్నాను. నా చోట ఎవరున్నా అలాగే అనుకునేవాళ్లు.

కొట్టాను. అల్దియార్.

"అది ఎవరి పేరక్కా?" అన్నాడు బెక్‌జాత్, కళ్లు తెరవకుండానే.

"ఎవరిదీ కాదు."

పెట్టె మాయమైంది. ఆస్పత్రి గడి పచ్చబడింది. కింద పంపు హోరుమంది, నేల అదిరింది. నూనె వాసన ఎవరో తలుపు తీసినట్టు ఒక్కసారిగా పోయింది. నేను కుర్చీలో కూలబడి నవ్వానో ఏడ్చానో నాకే తెలీదు. "గెలిచాం రా" అన్నాను. వాడు కోటు కూడా తొడుక్కోకుండా బయటికి నడిచాడు. మళ్లీ ఆ గదిలోకి రాలేదు.

చీకటి పడేముందు ఆయిమన్ ఫోన్ చేసింది. గొంతులో ప్రాణం వచ్చింది.

"రేడియేటరు కాలిపోతోందమ్మా! వాడు కదిలాడు, పాలు కూడా తాగాడు. ఆ పెద్దాయన్ని పంపించి మంచి పని చేశావు."

"ఏ పెద్దాయన?"

"మీ ఆఫీసాయనేగా? ఆయనొచ్చి రేడియేటరు మీద చెయ్యి పెట్టగానే వేడెక్కింది. ఇంత తుఫానులో నడిచొచ్చాడా, కోటు మీద ఒక్క మంచు పొడి లేదమ్మా! 'మీ అమ్మతో మాట అయిపోయింది' అన్నాడు. బిడ్డని ఎత్తుకుని చెవిలో మూడుసార్లు పేరు పిలిచాడు. నువ్వే చెప్పావనుకున్నాను. కానీ... అది మనం అనుకున్న పేరు కాదమ్మా."

"ఏమని పిలిచాడు?" అన్నాను. అడక్కపోయినా నాకు తెలుసు.

ఇప్పుడు ఆ ఫైలు ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకుంటుంది. పాతదైనా, కొత్తదైనా, కామా అయినా, చుక్కయినా. వాడేవాడి పేరు దగ్గర అల్దియార్ అని ఉంటుంది. ఎన్నిసార్లు చెరిపినా మళ్లీ వస్తుంది. మేనేజరుకి మహా సంతోషం.

మనవడు ఇంటికొచ్చాడు. మా మామగారి చేత అల్దియార్ అని చెవిలో పిలిపించాం. వాడు గోడ వైపు చూస్తూ ఉండిపోయాడు. బాగానే పెరుగుతున్నాడు, బొద్దుగా. ఒక్క శుక్రవారం మాత్రం పాలు ముట్టడు. ఆకలేస్తున్నా పెదాలు బిగించుకుని ఉంటాడు, ఆయిమన్ ఏడుస్తుంది. నేను బాణలి పెట్టి మా వాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెబుతాను. చివర, ఒకప్పుడు నన్ను రొట్టె అడిగినవాడి పేరు కూడా చెబుతాను, చెప్పక తప్పదు. ఆ పేరు వినగానే ఉయ్యాల్లోంచి వాడు నా వైపు తల తిప్పుతాడు. పొగ అటు వెళ్లేదాకా ఆగి, నోరు తెరుస్తాడు.